వాల్వు నాదము, గణితానుకరణము

గిటారు వాయించువారి మధ్య కొన్ని దశాబ్దములుగా ఎడతెగక సాగుచున్న వివాదమొకటి కలదు. వాల్వులతో నిర్మింపబడిన ఆంప్లిఫయరు నుండి వెలువడు నాదమును, ఆ నాదమును గణితసూత్రములచేత అనుకరించు మోడలరు అను డిజిటలు యంత్రము సంపూర్ణముగ అందుకొన్నదా, లేదా అనునదే ఆ వివాదము. పాశ్చాత్యదేశములలో పుట్టిన ఈ ప్రశ్న చిత్తూరు జిల్లాలోని మా ఐరాల వంటి పల్లెపట్టున ఎవరికి కావలెనని అడుగుట న్యాయము కాదు. కాణిపాకము మా మండలములోనిదే. వినాయకచవితి మొదలు 21 దినములు సాగు వరసిద్ధి వినాయకుని బ్రహ్మోత్సవముల కాలమునందును, చుట్టుపట్ల జాతరలలోని పాటకచేరులందును, చిత్తూరు తిరుపతి పట్టణముల చర్చిలందును, ఇంజినీరింగు కళాశాలల వేడుకలందును గిటారు పట్టిన యువకులు భుజమున తగిలించుకొన్న సంచిలోనుండి ఒక చిన్న పెట్టెను వెలికిదీసి, దానిని తిన్నగ మైకుసెట్టునకు కలిపి, ఒకప్పుడు దూరదేశపు రికార్డులలో మాత్రమే వినవచ్చిన నాదమును పలికించుచున్నారు. ఆ నాదము అసలైనదేనా అను ప్రశ్నకు ఇంతవరకు వచ్చిన సమాధానములను ఒకచోట చేర్చి, ఏ భాగము నిజముగ తీరినదో, ఏ భాగము తీరినదని మనము పొరబడుచున్నామో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఘనమైన కొయ్యతో చేసిన విద్యుద్గిటారునకు నాదమును పెంచు బోలు కడుపు లేదు. తంతి కంపనము అయస్కాంతపు పికప్పులో అత్యల్పమైన వోల్టేజీగ మారి, ఆంప్లిఫయరులో పెంపొంది, స్పీకరు పొరను కదలించినప్పుడే అది వాద్యమనిపించుకొనును. కావున ఆంప్లిఫయరు ఆ వాద్యశరీరములో సగము. ఈ సంగతి తెలుగువారికి క్రొత్త కాదు. 1969లో పాలకొల్లున జన్మించి, రుద్రరాజు సుబ్బరాజుగారి శిష్యుడై, 1978లో గుడివాడ త్యాగరాజోత్సవములలో బాల్యముననే కచేరి చేసి పెద్దలను ఆశ్చర్యపరచిన ఉప్పలపు శ్రీనివాస్ చేతిలోని మాండలిన్ను ఇటువంటి విద్యుద్వాద్యమే. పాశ్చాత్య మాండలిన్నునకు నాలుగు జంటతంతులుండును. మీటిన నాదము క్షణములో అణగిపోవును. అట్టి వాద్యముపై కాంభోజి గమకము నిలుచుట దుర్ఘటము. ఆయన జంటతంతులను విడిచి, ఐదు ఒంటితంతులు గల విద్యున్మాండలిన్నును చేపట్టి, ఆంప్లిఫయరు సహాయమున నాదమును నిలుపుకొని, దానిపై కర్ణాటక సంగీతమును సమగ్రముగ పలికించెను. ఆంప్లిఫయరు లేని శ్రీనివాస్ సంగీతమును మనమెవ్వరమును వినియుండలేదు. అయినను ఆయన సంగీతమును గూర్చి వ్రాయువారు వ్రేళ్ళనుగూర్చి వ్రాసిరి గాని, ఆ నాదము వెలువడిన యంత్రమును గూర్చి వ్రాయుట అరుదు. ఇది మన విమర్శలోని లోపమని నేను నమ్ముదును.

ఇక వాల్వు సంగతి. 1904లో ఇంగ్లండున ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును నిర్మింపగా, 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు వాని నడుమ గ్రిడ్డు అను తీగజాలరిని చేర్చి ఆడియాను అను మూడు ధ్రువముల వాల్వును సృజించెను. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో, ఎఱ్ఱగ కాగిన కాథోడు నుండి ఎలక్ట్రానులు వెలువడి, మూడు నాలుగు వందల వోల్టులతో ఆకర్షించు ప్లేటువైపు పరుగెత్తుచుండ, నడుమనున్న గ్రిడ్డు మీద పికప్పు నుండి వచ్చిన కొద్దిపాటి వోల్టేజీ మార్పు ఆ ప్రవాహమునంతటిని అదుపుచేయును. చిన్న కదలిక పెద్ద కదలికగ మారు రహస్యమిదియే. 1950 దశకమున కాలిఫోర్నియాలో లియో ఫెండరు నిర్మించిన బాస్‌మన్ ఆంప్లిఫయరును, దాని సర్క్యూటును ఆధారముగ గొని 1960 దశకపు తొలినాళ్ళలో లండనున జిమ్ మార్షలు దుకాణమునుండి వెలువడిన జేటీఎం 45ను, అదే కాలమున బ్రిటనులో ప్రసిద్ధికెక్కిన వాక్స్ ఏసీ 30ను నేటి గిటారు నాదమునకు మూలపురుషులని చెప్పవచ్చును. వీనిని నిర్మించినవారు నాదము స్వచ్ఛముగ నుండవలెననియే తలచిరి; ధ్వని చీలుట వారి దృష్టిలో దోషము. వాద్యకారులు యంత్రమును దాని శక్తికి మించి నడిపి, ఆ దోషములోనుండి ఒక క్రొత్త సౌందర్యమును వెలికిదీసిరి.

ఆ చీలిక ఏల ఇంపుగ నుండునో చెప్పుటకు పూనినవారిలో రస్సెల్ హామ్ అను ఇంజినీరు పేరు తఱచుగ వినబడును. ఆయన 1973లో ఆడియో ఇంజినీరింగు సొసైటీ పత్రికలో ప్రకటించిన వ్యాసమున, వాల్వులును ట్రాన్సిస్టరులును శక్తికి మించిన సంకేతమును ఎట్లు భిన్నముగ వక్రీకరించునో కొలిచి చూపెను. వాల్వు తరంగశిఖరమును మెల్లగ గుండ్రపఱచుననియు, అందువలన రెండవ మూడవ అనుస్వరములు (హార్మోనిక్కులు) ప్రబలముగ పుట్టుననియు, ట్రాన్సిస్టరు శిఖరమును తటాలున కోసివేయుటచే కర్కశములైన పై అనుస్వరములు చెలరేగుననియు ఆ వ్యాసమును చదివినవారు గ్రహించిన సారాంశము. రెండవ అనుస్వరము తారస్థాయి షడ్జము, మూడవది ఆపై పంచమము. ఇవి శ్రుతికి చుట్టములు గనుక ఇంపు కలిగించుట సహజమే. కాని హామ్ పరీక్షించినది రికార్డింగు స్టూడియోలలో మైకుల వెంట వాడు తొలిదశ ఆంప్లిఫయరులను. గిటారు ఆంప్లిఫయరులను కాదు. పెద్ద గిటారు ఆంప్లిఫయరుల అంత్యదశలో వాల్వులు జంటలుగ ఎదురెదురుగ పనిచేయును, అట్టి అమరికలో ఆ దశయందు పుట్టు సరిసంఖ్యల అనుస్వరములు చాలవఱకు పరస్పరము రద్దగును, మిగులునవి బేసిసంఖ్యలవి. వాల్వనగనే సరిసంఖ్యానుస్వరములు, అవి యనగనే మాధుర్యము అని నేడు దుకాణదారు మొదలు విద్యార్థి వఱకు వల్లించు సిద్ధాంతము కావున సగము సత్యమే. ఒక మంచి పరిశోధనను దాని పరిధికి వెలుపలకు లాగుట వలన ఇంతకాలము ఎంత అయోమయము పెరిగినదో చూచినప్పుడు నాకు విచారము కలుగును.

మన సంగీతమున దీనికి మిక్కిలి దగ్గఱి దృష్టాంతము కలదు. తంబురా గుఱ్ఱముమీద తంతి క్రింద జీవాళి యను నూలుపోగును జరిపి, సరియైన చోటు దొరికినంతనే, అంతవఱకు మూగగ నున్న తంతి అనుస్వరముల వెల్లువతో పలుకుట ఎఱుగనివారుండరు. చంద్రశేఖర వేంకటరామన్ 1921లో భారతీయ తంత్రీవాద్యములపై వ్రాసిన వ్యాసమున, తంతిని ఏ బిందువున మీటిన ఏ అనుస్వరము పుట్టరాదని పూర్వశాస్త్రము చెప్పుచుండెనో, ఆ అనుస్వరము సైతము తంబురా వీణలలో స్పష్టముగ వినబడుచున్నదని నిరూపించెను. తంతి గుఱ్ఱమును తాకుచు వీడుచు నుండుటచే, ఇచ్చిన కంపనమునకు వచ్చు నాదము సరళనిష్పత్తిలో నుండక, తనలో లేని అంశములను తాను సృజించుకొనును. వాల్వు చేయు పనియు ఇదియే. అది నాదమును పెద్దది చేయుటతో ఆగక, దానికి లేని అనుస్వరములను చేర్చును. ఎంత గట్టిగ మీటిన అంతగ ఆ చేర్పు మాఱును. మీటు చేతికిని, వినబడు నాదమునకును నడుమ ఈ సజీవసంబంధమును అనుకరింపగలిగినదా యనునదే మోడలరునకు అసలు పరీక్ష.

వాల్వు ఒక్కటియే ఆ నాదమునకు కర్త అనుటయు తప్పే. ఏసీ విద్యుత్తును డీసీగ మార్చు రెక్టిఫయరు వాల్వు, వాద్యకారుడు బలముగ మీటినప్పుడు కావలసినంత ప్రవాహమును వెంటనే ఈయలేక ఒక్క క్షణము తడబడును. ఆ క్షణమున నాదము కొంచెము అణగి, పిమ్మట ఉబికివచ్చును. వ్రేళ్ళ క్రింద యంత్రము సాగి తిరిగి బిగియుచున్నట్లు వాద్యకారునకు తోచును. అంత్యదశలోని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఇనుపగుండె మంద్రస్వరముల భారమునకు త్వరగ సంతృప్తమై, వానిని తనదైన రీతిలో వంచును. ఎనిమిది ఓములని పేరు వ్రాసికొన్న స్పీకరు, నిజమునకు సుమారు ఎనుబది నూఱు హర్ట్జుల యొద్దను, పై పౌనఃపున్యములందును అంతకు ఎన్నియో రెట్ల అవరోధమును చూపును. వాల్వు ఆంప్లిఫయరు ఆ మార్పులకు లొంగి, ఆ చోట్ల నాదమును పెంచును. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు సాధారణముగ లొంగదు. తుదకు, పన్నెండంగుళముల గిటారు స్పీకరు అయిదు వేల హర్ట్జులకు పైనున్న ధ్వనిని మిక్కిలి అణచివేయును గనుక, చీలిన నాదములోని కర్కశాంశము అక్కడ వడగట్టబడును. అదే నాదమును హైఫై స్పీకరులో తిన్నగ వినిన, కందిరీగల తుట్టె వలె చెవులను పొడుచును. వాల్వు మాధుర్యమని మనము కొనియాడుదానిలో పెద్దపాలు ఈ కాగితపు స్పీకరు పొరదే యనుట నా నిశ్చితాభిప్రాయము.

ఈ నాదమును కంప్యూటరు భాషలోనికి తెచ్చు యత్నములు ఒక్కనాటివి కావు. 1989లో ఆండ్రూ బార్టా సాన్స్‌ఆంప్ అను చిన్నపెట్టెను, డిజిటలు పద్ధతి లేకయే, ట్రాన్సిస్టరు సర్క్యూటుతోనే వాల్వు ఆంప్లిఫయరును స్పీకరుతో సహా అనుకరించునట్లు నిర్మించెను. 1995లో రోలాండు వారి వీజీ-8 డిజిటలు పద్ధతిని ఆశ్రయించెను. 1998లో లైన్ 6 వారి పాడ్ అను ఎఱ్ఱని, చిక్కుడుగింజ ఆకారము గల యంత్రము ఇంటింటి రికార్డింగులోనికి ప్రవేశించెను. 2006లో ఫ్రాక్టల్ వారి ఆక్స్-ఎఫ్ఎక్స్, 2011లో క్రిస్టఫ్ కెంపర్ జర్మనీలో వెలువరించిన ప్రొఫైలింగు యంత్రము, 2015లో హీలిక్స్, ఈ దశాబ్దారంభమున ఫిన్లాండు నుండి క్వాడ్ కార్టెక్స్ వచ్చినవి. కాలక్రమము ఇంతటితో చాలును. వీని వెనుకనున్న పద్ధతులే విచారణీయములు.

మొదటి పద్ధతి, సర్క్యూటులోని ప్రతి భాగమునకును సమీకరణము వ్రాసి, వానినన్నిటిని క్షణక్షణము సాధించుట. రెండవది, సర్క్యూటు లోపలికి చూడకయే, తెలిసిన సంకేతములను ఆంప్లిఫయరులోనికి పంపి, వెలుపలికి వచ్చినదానిని కొలిచి, ఆ రెంటి నడుమనున్న సంబంధమును పట్టుకొనుట. కెంపర్ యంత్రము ఈ త్రోవలోనిదే. మూడవది న్యూరల్ నెట్‌వర్కులకు ఆ ఇచ్చినదానిని వచ్చినదానిని చూపి, సంబంధమును అవియే నేర్చుకొనునట్లు చేయుట. యూరి పకారినెన్, డేవిడ్ యె అను పరిశోధకులు 2009లో కంప్యూటర్ మ్యూజిక్ జర్నలులో ప్రకటించిన సమీక్ష మొదటి రెండు పద్ధతుల చరిత్రను చక్కగ విశదపఱచినది. ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయమువారి 2020 నాటి వ్యాసము, మూడవ పద్ధతి సాధారణమైన కంప్యూటరు మీద సైతము వాయించుచుండగనే పనిచేయగలదని చూపినది. నేడు న్యూరల్ ఆంప్ మోడలరు అను ప్రోగ్రాము మూల్యము లేకయే అందఱికిని లభించుచున్నది. కొన్ని నిమిషముల పరీక్షాసంకేతమును ఏ ఆంప్లిఫయరు గుండనైనను పంపి రికార్డు చేసికొన్నవారు దాని ప్రతిని తయారుచేసికొనవచ్చును. నా దృష్టిలో ఈ చరిత్రయంతటిలో మిక్కిలి విలువైన ఘట్టమిది; దీనిని గూర్చి మఱల చెప్పెదను.

తొలితరము మోడలరుల నాదమున ఒక లోహపు వాసన వంటిది ఉండెడిదని పెద్ద వాద్యకారులు చేసిన ఫిర్యాదు ఊహామాత్రము కాదు. సెకనునకు 48,000 మార్లు సంకేతమును కొలుచు యంత్రము 24,000 హర్ట్జులకు పైనున్న కంపనమును ఉన్నదున్నట్లు గుర్తింపజాలదు. వక్రీకరణమువలన పుట్టిన అనుస్వరములు ఆ హద్దు దాటినప్పుడు, అవి నశింపక, క్రిందికి మడతపడి, వాయించు స్వరముతో ఏ బంధుత్వమును లేని అపస్వరములై వినవచ్చును. తంతిపై గమకముతో పైకి జాఱుచుండగ ఆ అపస్వరములు క్రిందికి జాఱును. ఇంతకంటె చెవికి కంటకమైనది వేఱొండు లేదు. లోపల కొలత వేగమును ఎన్నియో రెట్లు పెంచి, వక్రీకరణమును అక్కడ జరిపి, వడగట్టి, తిరిగి తగ్గించు ఉపాయముచే నేటి మంచి యంత్రములు ఈ దోషమును వినరానంతగ అణచినవి. ఇరువదియేండ్ల నాటి యంత్రమును విని ఏర్పఱచుకొన్న అభిప్రాయమునే నేటి యంత్రమునకు అంటగట్టువారు ఈ మార్పును గమనింపవలెను.

గణనకు పట్టు కాలమువలన నాదము ఆలస్యమగునను ఫిర్యాదు దీనికంటె బలహీనమైనది. గాలిలో ధ్వని సెకనునకు సుమారు 343 మీటరులు పోవును. అనగా సెకనులో వేయవవంతునకు 34 సెంటీమీటరులు. మంచి మోడలరు చేయు ఆలస్యము ఇట్టి వేయవవంతులు కొన్నియే గనుక, వాద్యకారుడు స్పీకరునకు కొన్ని అడుగులు వెనుకకు జరిగినదానితో సమానము. చవుకరకపు తీగలేని పరికరములను నడుమ చేర్చుకొన్నవారి కష్టము వేఱు.

ఇక అసలు పోలికకు వత్తము. రికార్డు చేసిన నాదమును, ఏది దేనిదో తెలియనీయక వినిపించినప్పుడు, నేటి ఉత్తమ మోడలరును వాల్వు ఆంప్లిఫయరునుండి వేఱుచేయుట అనుభవజ్ఞులకు సైతము దుష్కరమైనది. ఆ భాగము తీరినదనియే నా తీర్పు. మనవంటి శ్రోతలకు ఇది కలిగించు పర్యవసానము గొప్పది. మార్షలు ఆంప్లిఫయరు ఎదుట నిలిచి దాని గాలిదెబ్బను ఱొమ్మున తాకించుకొన్న తెలుగు శ్రోతలు మిక్కిలి అరుదు. మనమందఱమును ఆ నాదమును సినిమాపాటలలోను, క్యాసెట్టులలోను, అనగా స్పీకరు ఎదుట నిలిపిన మైకు గుండ వచ్చినదానినే వింటిమి. మోడలరు అనుకరించునది సరిగ దానినే, ఆంప్లిఫయరును, స్పీకరును, మైకును కలిపి. మనకు కావలసిన జ్ఞాపకమును మోడలరు మనకు యథాతథముగ ఇచ్చుచున్నది.

వాద్యకారుని పక్షము కొంత భిన్నము. గదిలో నిలిచి వాయించువాడు మైకు వినునది వినడు. స్పీకరు వెనుకనుండి వచ్చు ధ్వని, గోడల ప్రతిధ్వని, నాదము తిరిగి తంతిని తాకి దానిని ఆగకుండ కంపింపజేయు పునరావృత్తి, ఇవన్నియు అతని అనుభవమున భాగములు. కాని ఇవి వాల్వు గుణములు కావు; పెద్దధ్వనియు గిటారు స్పీకరును కలిగించు గుణములు. 2019లో ఫెండరు వారు తమ ప్రాచీన ట్విన్ రివర్బ్ నమూనాను టోన్ మాస్టరు పేర డిజిటలు రూపమున తెచ్చినప్పుడు, కొయ్యపెట్టెను, గిటారు స్పీకరులను విడువక, 85 వాట్ల వాల్వు యంత్రపు బిగ్గఱతనమును అందుకొనుటకు 200 వాట్ల డిజిటలు ఆంప్లిఫయరును అమర్చిరి. వాల్వు యంత్రము సుమారు 29 కిలోలుండ, ఇది సుమారు 15 కిలోలు. గదిలోని అనుభవమునకు ఏది కారణమో వారు సరిగ గ్రహించినారనుటకు ఈ నిర్మాణమే సాక్ష్యము.

పోలిక చేయువారు మఱచు సంగతి మఱియొకటి. ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే చూపినట్లు, ధ్వని పెరిగినకొలది మన చెవికి మంద్ర తారాంశములు ఎక్కువగ వినబడును. గదిలో గర్జించు వాల్వు యంత్రమును విని, పిదప చెవిలో పెట్టుకొను ఫోనులలో మోడలరును విని, రెండవది పలుచగ నున్నదనుట రెండు యంత్రముల పోలిక కాదు, రెండు ధ్వనిస్థాయిల పోలిక. బిగ్గఱతనమును కొలిచి సమము చేయని పోలికలన్నిటిని త్రోసివేసిన, ఈ వివాదసాహిత్యములో చాలభాగము పోవును.

మోడలరు నిజముగ వెనుకబడియున్న చోటులు లేకపోలేదు. కొలతతో చేసిన ప్రతి, కొలిచిన నాటి గుబ్బల అమరికకే నమ్మకముగ నుండును. అమరికను మార్చిన, అసలు ఆంప్లిఫయరులో ఒక గుబ్బను త్రిప్పుట మిగిలినవాని పనిని సైతము మార్చునట్టి పరస్పరబంధము ఆ ప్రతిలో తప్పిపోవచ్చును. గిటారు మీది గుబ్బను తగ్గించి, మృదువుగ మీటి, చీలిన నాదమును స్వచ్ఛనాదముగ మార్చుకొను నేర్పు గలవారు చవుక యంత్రములలో ఆ మెట్లన్నియు దొరకవని చెప్పుదురు; అది సత్యము. వేడెక్కుట, విద్యుత్తు తడబాటు వంటి నెమ్మదియైన మార్పులను న్యూరల్ పద్ధతి పట్టుకొనుట ఇంకను కష్టముగనే యున్నది, ఏలయన అది కొద్దికాలపు గతమును మాత్రమే జ్ఞప్తియందుంచుకొని పనిచేయును.

మా ప్రాంతపు పరిస్థితులను బట్టి చూచిన తూకము మోడలరువైపే మొగ్గును. జాతరరాత్రి పల్లెలో దీపాలంకారములు వెలిగినంతనే 230 వోల్టులు రావలసిన కరెంటు దిగజాఱును. దానితో 6.3 వోల్టులుండవలసిన వాల్వు వేడితీగ చల్లబడును, ప్లేటు వోల్టేజీ పడిపోవును, నాదము మాఱును. మోడలరులోని పవర్ సప్లయి సాధారణముగ 100 మొదలు 240 వోల్టుల వఱకు దేనినైనను స్వీకరించును. బరువు, వేడి, దిగుమతి వెల మాట చెప్పనక్కఱలేదు. వాల్వులు ఇప్పుడు రష్యాలోని సరాతోవులోను, స్లొవేకియాలోని జేజే కర్మాగారమునను, చైనాలోను మాత్రమే విస్తారముగ తయారగుచున్నవి. 2022 మార్చిలో రష్యా ఎగుమతులను ఆపినదను వార్త రాగానే ప్రపంచమంతట వెలలు పెరిగి, నిల్వలు నిండుకొన్నవి. ఒకప్పుడు మనకు ఇంత దూరము చూడవలసిన పని లేకుండెను. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1960 దశకమున రేడియో వాల్వులను తయారుచేయుచుండెను.

అయినను ఒక్క విషయమున నా మనస్సు వాల్వు పక్షమునే నిలుచును. 1959 నాటి బాస్‌మన్ యంత్రమును నేటికిని, సర్క్యూటు చిత్రము చేతనుండిన, పాతకాలపు రేడియో మెకానికు బాగుచేయగలడు. ప్రతి భాగమును కంటికి కనబడును, చేతికి అందును, విడిగ దొరకును. కరెంటు తీసిన తరువాత సైతము కెపాసిటరులలో ప్రాణము తీయగల నాలుగు వందల వోల్టులు నిలిచియుండుననెడి ఎఱుక మాత్రము ఉండవలెను. మోడలరులో పలుపొరల బోర్డుమీద అతికిన చిప్పు కాలినను, తయారుచేసినవారు ప్రోగ్రామును సవరించుట మానినను, వేలు పోసి కొన్న యంత్రము మఱునాటికి మూగవోవును. నాదమున సమానత్వము వచ్చినదని సంతోషించుచు, ఆయుఃప్రమాణములో వచ్చిన ఈ అసమానతను విస్మరించుట ఉచితము కాదు. కొనువారు యంత్రపు నమూనాల సంఖ్యను కాక, బాగుచేయువాడు చిత్తూరులోనో వేలూరులోనో ఉన్నాడా యని ముందు విచారింపవలెను.

కర్ణాటక సంగీతలోకము ఇట్టి పరీక్షను మునుపే ఎదుర్కొన్నది. 1979లో బెంగుళూరున రాడెల్ సంస్థ స్థాపకుడు జి. రాజ్‌నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురాను రూపొందించిన నాటినుండి, ఆ పెట్టె వేదికల మీదను, గురుకులములందును, ఇండ్లలోను స్థిరపడినది. ప్రయాణములో పగులదు, వానకు శ్రుతి తప్పదు, వెనుక కూర్చుండి మీటువారిని వెదకనక్కఱలేదు. కచేరికి దానివలన కలిగిన నష్టము స్వల్పమని ఒప్పుకొందును. శిష్యునకు కలిగిన నష్టము స్వల్పము కాదు. జీవాళి జరిపి, బిరడ త్రిప్పి, నాలుగు తంతులను ఒక్కటిగ కలుపుకొను ప్రతిదిన సాధనలో చెవి సంపాదించు సూక్ష్మత, మీట నొక్కిన వెంటనే శ్రుతి పలుకు పెట్టెవద్ద అలవడదు. గిటారు శిష్యుని విషయమునను ఇట్లే. రెండు మూడు గుబ్బలు మాత్రమే గల ఆంప్లిఫయరు ఎదుట కూర్చున్నవాడు నాదమును వ్రేళ్ళతోనే మార్చుకొనుట నేర్చును. వందలకొలది నమూనాలు గల పెట్టె ఎదుట కూర్చున్నవాడు సాయంకాలమంతయు నమూనాలను మార్చుచు గడుపును. కావున నేర్చుకొనువారికి నేను చెప్పుమాట, మోడలరునే కొనుడు, కాని అందులో ఒక్క ఆంప్లిఫయరును ఎంచుకొని, ఏడాదిపాటు మఱియొకదానివంక చూడకుడు. మిగిలిన ధనముండిన దానిని మంచి స్పీకరునకు వెచ్చింపుడు. గణితము ఎంత సూక్ష్మమైనను, తుద పలుకు స్పీకరుదే.

ఇంతవఱకు జరిగిన అనుకరణమంతయు ఎవరి నాదమును అనుకరించినదో ఒక్కమారు చూడవలెను. ప్రచారములోనున్న నమూనాలలో మిక్కిలి భాగము బ్రిటిషు, అమెరికను ఆంప్లిఫయరులవే. మన నాదచరిత్రలో వాల్వు వహించిన పాత్ర వేఱు. ఈ జిల్లాలోని ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళలో పగలు హరికథయు, రాత్రి వీధినాటకమునుగ భారతోత్సవము జరుగునప్పుడు, హరికథకుని గొంతును, నాటకములోని హార్మోనియమును, ఊరేగింపులోని నాదస్వరమును చుట్టుపట్ల పల్లెలకు మోసినవి మైకుసెట్టువారి వాల్వు ఆంప్లిఫయరులును, తాటిచెట్లకు కట్టిన గొట్టపు లౌడుస్పీకరులును. రెండు మైళ్ళ దూరమునుండి గాలిలో తేలివచ్చిన ఆ కంఠధ్వని, మంద్రము కోల్పోయి, నడిమిస్వరములలో పదునెక్కి, శిఖరములందు చీలి వినబడెడిది. మా పెద్దలు హరికథను ఆ నాదముతోనే జ్ఞాపకముంచుకొన్నారు. మార్షలు ఆంప్లిఫయరు నాదమును భద్రపఱచుటకు శాస్త్రజ్ఞులు ఎంత శ్రమించిరో, అంత శ్రమకు ఇదియు అర్హమైనదే.

ఇందునకు కావలసిన సాధనములు నేడు దుర్లభములు కావు. పాత మైకుసెట్టు దుకాణముల అటకలమీద వాల్వు ఆంప్లిఫయరు ఎక్కడనైన మిగిలియుండిన, ముందుగ ఎండిన కెపాసిటరులను మార్పించి, ప్లేటు వోల్టేజీలను కొలిచి వ్రాసికొని, న్యూరల్ ఆంప్ మోడలరునకు కావలసిన పరీక్షాసంకేతమును దానిగుండ మెల్లగను, శక్తికి మించియు పంపి, ఒకమారు తీగనుండి తిన్నగను, మఱియొకమారు గొట్టపు లౌడుస్పీకరు ఎదుట పొలమున కొంతదూరమున మైకు నిలిపియు రికార్డు చేయవలెను. ఇంజినీరింగు కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చదువు విద్యార్థులిద్దఱు, ఆ యంత్రమును నడిపిన అనుభవము గల మైకుసెట్టు వృద్ధుడొకడు కలిసిన, ఒక్క వేసవి సెలవులలో ముగియు పని. తొలి ప్రయత్నమునకు నాదస్వరమును కాక హరికథకుని కంఠమును ఎన్నుకొనవలెనని నా కోరిక, ఏలయన ఆ ధ్వనిని చెవులార వినినవారు ఇంకను ఈ పల్లెలలో ఉన్నారు; ప్రతి సరిగ వచ్చినదో లేదో చెప్పగలవారు వారే.